రెండో పిలుపు

మగవాణ్ణి చెడగొట్టేవి మూడని మా ఊరు కోటో సాలక్‌లో పెద్దవాళ్ళు చెబుతుంటారు. పేకాట, కోడిపందెం, పరాయి ఊళ్ళో పనీపాటా లేకుండా కూర్చోవడం. రఫ్దీ ఈ మూడింటి జోలికీ పోలేదు. చిన్నప్పుడు అంటుకున్న సిగరెట్టు కూడా మానేశాడు. తెల్లవారకముందే లేచేవాడు, నమాజు తప్పేవాడు కాదు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. అలాంటివాడు పెళ్ళైన రెండో ఏడు తిరక్కుండానే సంచీ భుజాన వేసుకుని భార్య ఇంటి మెట్లు దిగి వెళ్ళిపోయాడంటే ఊళ్ళో ఎవరికీ మింగుడుపడలేదు.

అందరూ వాడి భార్య యెల్మీనే అనుమానించారు. ఆ పిల్లకి నోరెక్కువ గదా అన్నారు. పాపం, ఆ పిల్ల నోటికీ దీనికీ సంబంధం లేదు.

మా దగ్గర ఇల్లు ఆడవాళ్ళది, పొలమూ వాళ్ళదే, తల్లి నుంచి కూతురికి పోతుంది. మగపిల్లవాడికి మూతి మీద నూగు మొలవకముందే పుట్టింట్లో పక్క ఎత్తేస్తారు. పగలు అమ్మ దగ్గర తిని, రాత్రి సూరావ్‌లో, అంటే వీధి చివరి నమాజు గదిలో, తోటి పిల్లలతో పడుకుంటాడు. పెళ్ళయ్యాక భార్య ఇంటికి పోతాడు. ఇల్లరికం అని వేరే మాట అక్కర్లేదు, అల్లుడంటేనే ఇల్లరికం. ఆ మధ్య పదేళ్ళూ మగవాడికి ఇల్లూ బడీ అన్నీ సూరావే. ఖురాను చదవడం, కర్రసాము, అత్తగారి ముందు ఎలా కూర్చోవాలి, కోపం వస్తే ఏం చెయ్యాలి, ఇవన్నీ అక్కడి ముసలాళ్ళే నేర్పేవారు. నేర్పుతూ నెత్తిన మొట్టికాయలూ వేసేవారు.

రఫ్దీ కాలానికి ఆ ముసలాళ్ళు పోయారు. ఆఖరి పంతులు పోయాక ఎవరూ రాలేదు. చాపలు చివికిపోయాయి. నలుగురైదుగురు కుర్రాళ్ళు గోడకొకడుగా చేరి, దుప్పటి ముసుగు కింద ఎవడి ఫోను వాడు చూసుకునేవాళ్ళు. మేనల్లుణ్ణి చెయ్యి పట్టి నడిపించాల్సింది మేనమామ. రఫ్దీ మేనమామ దూరాన పెకన్‌బారూలో బట్టల కొట్టు పెట్టుకుని పండగకొకసారి వచ్చేవాడు, ఒక చొక్కా చేతిలో పెట్టి "బాగా చదువుతున్నావురా?" అని అడిగి, జవాబు వినకముందే పక్కవాడితో మాటల్లో పడేవాడు. నాన్న మంచివాడే కానీ నోట్లో నాలుక లేనివాడు.

పంతొమ్మిదో ఏట రఫ్దీ ఒక అమ్మాయికి ఫోన్లో మెసేజ్ పెట్టాడు. రెండు వారాలు ఆలోచించి రాసుకున్న మెసేజ్ అది. ఆమె దాన్ని స్నేహితురాళ్ళందరికీ పంపింది. మర్నాడు బస్టాపులో నిలబడిన ఆడపిల్లలు వాడి వాక్యాలు వాడికే అప్పజెప్పి పడీపడీ నవ్వారు. ఆ రాత్రే వాడికి రేక్సా దొరికాడు.

రేక్సా జకార్తావాడు. నల్లకళ్ళద్దాలు, ఒంటికి అతుక్కున్న చొక్కా, వెనకాల ఎప్పుడూ ఒక కారు. ఆ వీడియోలో కారు లేదు. కళ్ళద్దాలు తీసి మెల్లగా అన్నాడు: "తమ్ముడూ, ఇవాళ నిన్ను ఎవరైనా ఎలా ఉన్నావని అడిగారా? అడగలేదు కదూ. నేను అడుగుతున్నా. ఎలా ఉన్నావ్?"

దుప్పటి కింద రఫ్దీ వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ మాట తననొక్కణ్ణే కాదు, లక్షలమందిని ఒకేసారి అడిగాడని వాడికి తెలియక కాదు. ఊళ్ళో ఇంతమంది పెద్దలుండి, ఇంతమంది అమ్మలూ మామలూ ఉండి, ఆ ఒక్క ముక్క ఎవరూ అడగలేదే! నాకు రేక్సా మీద ఎంత మంటో దీని మీదా అంతే మంట.

రేక్సా మొదట అన్నీ మంచి మాటలే చెప్పాడు. తెల్లవారకముందే లే. సిగరెట్టు పారెయ్. దండీలు తియ్యి. నిటారుగా నిలబడి మాట్లాడు. రఫ్దీ అన్నీ చేశాడు. ఒళ్ళు గట్టిపడింది, బుకిత్తింగీ బజార్లో టోకు దుకాణంలో పని దొరికింది, నలుగురూ "ఆ కుర్రాడు బుద్ధిమంతుడు" అనడం మొదలుపెట్టారు. చెప్పినట్టు చేస్తే బాగుపడ్డానన్న నమ్మకం కుదిరాక ఇక ఆ నోటి నుంచి ఏదొచ్చినా వేదవాక్కే అయింది. ఆడది పరీక్ష పెడుతూ ఉంటుంది, నువ్వు ఓడిపోకు. ఆడదానికి ప్రేమ ఇస్తే తీసుకుంటుంది, భయం ఇస్తే ఉంటుంది. విషం కలిపేవాడు పాలల్లోనే కదా కలుపుతాడు.

తమాషా ఏమిటంటే, ఆ బుద్ధిమంతుడన్న పేరు చూసే యెల్మీవాళ్ళు సంబంధం అడగడానికి వచ్చారు. మా దగ్గర పిల్లవాణ్ణి పిల్లవైపు వాళ్ళే వచ్చి అడుగుతారు. యెల్మీ, వాళ్ళమ్మ నూర్బైనీ, చెల్లెలు కలిసి కర్రపెండలం చిప్స్ చేసి బజారుకి వేస్తారు. కారం పట్టించిన వాళ్ళ చిప్స్ కోసం బస్సు దిగి మరీ వచ్చేవాళ్ళున్నారు. యెల్మీ మాట చురుకు, చెయ్యి అంతకంటే చురుకు. పెళ్ళైన కొత్తలో రఫ్దీ దుంపలు తరుగుతుంటే పక్కనే కూర్చుని "మీ దండీలన్నీ ఇక్కడ పనికొస్తున్నాయి చూశారా, దుంపలు భయపడి వాటంతటవే తెగుతున్నాయి" అనేది. వాడు నవ్వేవాడు. ఆ ఏడాది వాడు బాగా నవ్వాడు.

ఆ ఇంట్లో ఎవరూ వాణ్ణి పేరు పెట్టి పిలిచేవారు కాదు. పెళ్ళినాడు ఇచ్చిన బిరుదుతో "సుతాన్" అనేవారు. చేప వండితే నడిమి ముక్క వాడి పళ్ళెంలోకే. వాడు గదిలోకి వస్తే అత్తగారు గొంతు తగ్గించేది. ఇదంతా గౌరవం. తరతరాలుగా మగవాళ్ళు మీసం మెలేసి అనుభవించిన గౌరవం.

కాఫీ కొట్టు దగ్గర మాత్రం అల్లుళ్ళ మీద పాత హాస్యం ఒకటి ఎప్పుడూ నడుస్తుండేది. మొద్దు మీది బూడిద అంటారు అల్లుణ్ణి. గాలి వీచేదాకా ఉంటాడు, వీస్తే పోతాడు. ఒక సాయంత్రం రఫ్దీ స్నేహితుడు ఎదిసన్ అరిచాడు: "ఏరా బూడిదా! సింగలాంగ్ కొండ మీంచి గాలొచ్చేలా ఉంది, మొద్దుని గట్టిగా పట్టుకో!"

"నువ్వు మాత్రం రాయివా? నిన్న మీ అత్త చీపురు పట్టుకుంటే కనబడ్డావు కాదే!" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు. ఎదిసన్ అందరికంటే గట్టిగా నవ్వాడు.

రఫ్దీకి నవ్వు రాలేదు. ఆ వారమే రేక్సా "నీ ఇంట్లో నువ్వు అతిథివా, యజమానివా?" అని వీడియో పెట్టాడు. అంతవరకు మర్యాదగా కనబడిన నడిమి ముక్క అప్పట్నుంచి వాడికి చుట్టానికి వేసే ముక్కలా కనబడసాగింది. అత్తగారు గొంతు తగ్గిస్తే తన మీదే ఏదో అనుకుంటున్నారనిపించేది. కామెర్ల కళ్ళకి లోకమంతా పచ్చనే.

ఒకరోజు యెల్మీ ఫోను అడిగాడు.

"దేనికి?"

"భర్తకి చూపించడానికి కారణం కావాలా?"

"అక్కర్లేదు. తీసుకోండి. అంతా చిప్స్ ఆర్డర్లే. చదివి, పుణ్యముంటుంది, జవాబులు కూడా మీరే రాసెయ్యండి, నాకు కాస్త పని తగ్గుతుంది." అని ఫోను ఒళ్ళో పడేసి పోయింది.

ఇంకోరోజు వ్యాను డ్రైవరు పక్కన కూర్చుని బజారుకి పోవద్దన్నాడు.

"ఆయనకి అరవై ఏళ్ళు. పళ్ళు కూడా లేవు."

"నేను వద్దన్నాను."

"సరే, అయితే మీరు తీసుకెళ్ళండి."

"నాకు కొట్లో పని ఉంటుంది కదా."

"మరి చిప్స్ నడిచి పోవు కదా సుతాన్," అంది యెల్మీ. వెక్కిరింత కాదది. నిజంగా వేరే దారి చెప్పమని అడిగింది. రేక్సా పాఠంలో దాన్ని ఎదురుతిరగడం అంటారు.

ఆఖరికి ఒకనాడు భోజనాల వేళ రఫ్దీ అందరి ముందూ చెప్పేశాడు. ఇక మీదట ఇంట్లో ఏం చెయ్యాలన్నా తనని అడిగి చెయ్యాలట. ఇంటికి తల తానేనట. ఎన్నాళ్ళుగానో లోపల్లోపల చెప్పుకుని చెప్పుకుని ఉన్నవాడు, గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. నూర్బైనీ ముఖంలో కోపం లేదు. "ఇంటికి తల ఎవరో తర్వాత చూద్దాం నాయనా, ముందు అన్నం తినండి, చల్లారిపోతోంది" అంది. మరదలు పిల్ల కిసుక్కున నవ్వి కొంగు నోట్లో కుక్కుకుంది. బస్టాపులో నవ్విన ఆడపిల్లలందరూ వాడి చెవుల్లో మళ్ళీ నవ్వారు.

ఇలాంటి వేళకి రేక్సా దగ్గర మందు సిద్ధంగా ఉంది. "నీ విలువ తెలియాలంటే మాయమైపో. సంచీ సర్దు. నోరెత్తకు. పో. మొదటి పిలుపుకి కదిలావా, జన్మంతా కుక్కవి. రెండో పిలుపుకి వెళ్ళు, రాజువి." రఫ్దీ ఉన్న బట్టలన్నీ సర్దుకున్నాడు. గుమ్మంలో యెల్మీ నిలబడి "ఏమైందండీ? చెప్పండి, ఏమైంది?" అని రెండుసార్లు అడిగింది. నోరెత్తలేదు. పుట్టింట్లో పక్క ఎలాగూ లేదు కాబట్టి సూరావ్‌కి పోయి చివికిన చాప మీద పడుకున్నాడు.

శుక్రవారం నమాజు అయ్యాక, చినుకులు పడుతుండగా, యెల్మీ మేనమామ బుర్హాన్ వచ్చాడు. నల్లటోపీ, గొడుగు, చేతిలో అన్నం క్యారియరు. ఊరి పంచాయతీలో మాట చెల్లే మనిషి. ఒకరి గుమ్మం ముందు నిలబడి పిలిచే రకం కాదు.

"సుతాన్! ఉన్నావా నాయనా? నేను, బుర్హాన్‌ని. ఈ మెట్లెక్కమని మాత్రం అడక్కు, మోకాళ్ళు ఒప్పుకోవు. ఇక్కడే కూర్చుంటా." తడిసిన మెట్టు మీదే కూర్చున్నాడు. "మా పిల్ల నోరు దురుసు, ఒప్పుకుంటా. వాళ్ళమ్మది అంతకంటే. నాకు తెలీదూ, పుట్టిందగ్గర్నుంచీ ఆ ఇంటి చీవాట్లు తింటున్నవాణ్ణి. చిన్నది నవ్విందంటగా, దానికి గడ్డి పెట్టాంలే. రా, ఇంటికి పోదాం."

లోపల రఫ్దీ తలుపుకి అవతలే నిలబడ్డాడు.

"పంపింది యెల్మీనే, దాచడం ఎందుకు? పొద్దున్నే వచ్చి, 'మావయ్యా, నువ్వెళ్ళి తీసుకురా, నీ మాటైతే వింటారు' అంది. చేపల పులుసు కూడా దాని చేతిదే. కారం తగ్గించిందట, నీకు పడదని."

రఫ్దీ చెయ్యి గడియ మీదకి పోయింది. వాడు చెబితే పోలేదు, అదే పోయింది. అప్పుడే జేబులో ఫోను గుర్రుమంది. సింహాలమని పేరు పెట్టుకున్న రేక్సా శిష్యుల గుంపొకటి ఫోన్లో ఉంది, వాళ్ళకి ఉన్నదున్నట్టు చెబుతూనే ఉన్నాడు పొద్దుట్నుంచీ. "కదలకు అన్నా! మొదటి పిలుపే ఇది!" అని ఒకడు. "ఫోటో పెట్టు అన్నా!" అని ఇంకొకడు. రఫ్దీ గడియ వదిలి, తలుపు చెక్కల సందులోంచి ఫోటో తీశాడు. గొడుగు కింద, క్యారియరు ఒళ్ళో పెట్టుకుని, వానలో ముడుచుకు కూర్చున్న ముసలాయన. "మొదటి పిలుపు. కదల్లేదు" అని రాసి పంపాడు.

వందలమంది శభాష్ అన్నారు. ఎవరో ఆ బొమ్మలో ముసలాయన నెత్తి మీద గాడిద చెవులు అతికించి తిరిగి పంపారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. వీడు ఇంట ఓడి రచ్చ గెలిచాడు.

వాన వెలిశాక బుర్హాన్ లేచాడు. క్యారియరు పొడిగా ఉన్నచోట చూసి పెట్టాడు. "లోపలే ఉన్నావని తెలుసులే నాయనా. అన్నం తిను" అని చెప్పి వెళ్ళాడు. రఫ్దీ తిన్నాడు. పులుసు చాలా బాగుంది.

ఇక రెండో పిలుపు కోసం కూర్చున్నాడు. శని, ఆదివారాలు ఎవరూ రాలేదు. సోమవారం కూడా రాలేదు. అడుగుల చప్పుడైతే లేచి నిలబడేవాడు, కుక్కో, మేకో. ఆ తర్వాత వచ్చింది వాళ్ళమ్మ. వస్తూనే చెప్పు తీసింది.

"బుర్హాన్ అంతటివాడు నీ కోసం వచ్చాడటగా? వచ్చి, వానలో కూర్చుని, ఉత్త చేతులతో పోయాడట! నిజమేనా?"

"మళ్ళీ వస్తారమ్మా. రెండోసారి వెళ్దామని..."

"రెండోసారేమిట్రా! ఆడింటివాళ్ళు ఒక్కసారే వస్తారు. రెండోసారి గడప తొక్కితే, పిల్లకి వేరే దిక్కు లేక తిరుగుతున్నారని ఊరంతా అనదూ? ఒక్కసారి రావడమే గొప్ప, అందులోనూ పెద్దమనిషిని పంపారంటే నిన్ను నెత్తిన పెట్టుకున్నట్టు!" అప్పుడు ఆవిడ కళ్ళు మూలనున్న సంచీ మీద పడ్డాయి. చెప్పు కింద పడేసింది. "బట్టలన్నీ తెచ్చుకున్నావా? ఒక్క చొక్కా కూడా వదల్లేదా?"

"నా బట్టలే కదమ్మా."

"అలిగినవాడు చొక్కా వదిలి వస్తాడురా. తిరిగొస్తానని గుర్తు. మీ నాన్న ఎన్నిసార్లు అలిగాడో లెక్కలేదు, ప్రతిసారీ లుంగీ దండెం మీద వేలాడుతూనే ఉండేది. అన్నీ పట్టుకొచ్చావంటే తెగతెంపులనే కదరా అర్థం. ఇంతమాత్రం నీకెవరూ చెప్పలేదా?"

"ఎవరు చెబుతారమ్మా? ఎవరున్నారని ఇక్కడ?" అన్నాడు రఫ్దీ. వాళ్ళమ్మ చుట్టూ చూసింది. చాప, నాలుగు ఫోను చార్జర్లు. ఆవిడ గుమ్మం ముందు మెట్టు మీద కూలబడి ఏడ్చింది.

రఫ్దీ భార్య ఇంటికి పరుగెత్తాడు. దారిలోనే గుంపులో అడిగాడు, "రెండో పిలుపు రాలేదు, ఏం చెయ్యాలి?" అని. ఒకడు ఓపిక పట్టమన్నాడు. ఒకడు అది వేరేవాణ్ణి చూసుకుని ఉంటుందన్నాడు. ఒకడు మాత్రం, "ఒక్కసారి క్షమించమని తగ్గినట్టు నటించి లోపలికి దూరు, తర్వాత చూసుకోవచ్చు" అన్నాడు. రేక్సా అడిగినవాళ్ళకి జవాబిచ్చే రకం కాదు.

యెల్మీ వెనక వసారాలో నూనె మూకుడు ముందు ఉంది. చెల్లెల్నీ తల్లినీ లోపలికి పంపేసింది. ముఖం వాడిపోయి ఉంది కానీ గొంతు ఎప్పటిలాగే ఉంది.

"భోంచేశావా?" అంది. అండీ లేదు, సుతాన్ లేదు.

"ఊఁ."

"మావయ్య బొమ్మ నా దాకా వచ్చింది. బజార్లో మసాలా కొట్టువాడు చూపించాడు, ఎవరో ఏమిటో తెలియక. గాడిద చెవులు పెట్టారు." ఒక చిప్ తీసి చూసి మళ్ళీ నూనెలో వేసింది. "మావయ్య కూడా చూశాడు. ఏమీ అనలేదు. గొడుగు ఫోటోలో బాగా పడిందన్నాడు."

"చెవులు నేను పెట్టలేదు యెల్మీ."

"తెలుసు. ఫోటో నువ్వు తీశావు." చిల్లుగరిటె పక్కన పెట్టింది. "నేను పిలిచాను కదా. పిలవడానికి నాకు సిగ్గనిపించలేదు. ఎందుకు పోయావో తెలీదు, అయినా రమ్మన్నాను. అది నీకు చాల్లేదు. సరే పో. ఇప్పుడొచ్చావు. ఒక్కటి చెప్పు చాలు. నీ అంతట నువ్వొచ్చావా, ఇది కూడా వాళ్ళు చెప్పిందేనా?"

రఫ్దీ నోరు తెరిచాడు. నన్ను క్షమించు అందామనుకున్నాడు. అది ఇందాక గుంపులోవాడు చెప్పిన మాటే. నువ్వు లేకుండా ఉండలేను అందామనుకున్నాడు. ఎప్పుడు ఆ మాట అనాలో, ఎప్పుడు అనకూడదో రేక్సా ఒక పాఠమే చెప్పాడు. నేను మారతాను, ఇంకొక్క అవకాశం ఇవ్వు, నాకు నువ్వంటే ప్రాణం. ఏ మాట పట్టుకున్నా దాని వెనకాల ఆ నల్లకళ్ళద్దాలే కనబడ్డాయి. వాడి సొంత మాట ఒక్కటీ దొరకలేదు. ఫోను చేతిలోనే ఉంది, గుర్రుమంటూనే ఉంది. యెల్మీ దానివైపు చూసింది, వాడివైపు చూసింది.

ఆమె తొందరపెట్టలేదు. చిప్స్ నల్లబడుతున్నా చూసుకోలేదు. ఎవరు చూసినా ఇట్టే చెప్పగలరు, ఆ పిల్ల ఏదో ఒకటి వినడానికి నిలబడిందని. మాడు వాసన ఇల్లంతా కమ్మాక, కళ్ళు తుడుచుకుని చిల్లుగరిటె అందుకుంది.

కాగితాల మీద విడిపోవడానికి ఇంకొంత కాలం పట్టింది. యెల్మీ మళ్ళీ పెళ్ళి చేసుకుంది, పిల్లలు. రఫ్దీ చేసుకోలేదు. టోకు దుకాణంలోనే ఉన్నాడు, సూరావ్‌లోనే పడుకుంటాడు. రేక్సా ఊసెత్తితే తిట్టడు కూడా. ఎప్పుడైనా మనసు విప్పితే ఒక్కటే అంటాడు. ఆ రోజు పెద్ద మాటల కోసం వెతుక్కున్నానని, "నాకు తెలియలేదు యెల్మీ, నాకెవరూ చెప్పలేదు" అని ఉన్నది ఉన్నట్టు అంటే సరిపోయేదని. ఆ మాట నోటికి రావడానికి వాడికి నాలుగేళ్ళు పట్టింది. అప్పటికి ఆమె రెండో కొడుకుని ఎత్తుకుని ఉంది.